జలుబు మనది, జాగ్రత్త వాళ్లదా?

కిడ్నీయో కాలేయమో మార్పిడి చేయించుకుని ఇంటికొచ్చే ప్రతి మనిషి చేతిలో ఒక లావుపాటి ఫైలు ఉంటుంది. అందులో మందుల చార్టు వెనకాల ఒక కాగితం. మాస్కు పెట్టుకోవాలి. జనం ఎక్కువగా ఉన్నచోటికి వెళ్లకూడదు. జలుబు, దగ్గు ఉన్నవాళ్లకు దూరంగా ఉండాలి. చేతులు కడుక్కుంటూ ఉండాలి. జ్వరం వస్తే వెంటనే ఆస్పత్రికి రావాలి. మా తమ్ముడి ఫైల్లో ఉన్న ఆ కాగితాన్ని చాలాసార్లు చదివాను. ఒక్క మాట కూడా తప్పు లేదు. కాకపోతే ప్రతి వాక్యమూ వాడికే చెప్తుంది. జలుబున్నవాళ్లకు వాడు దూరంగా ఉండాలట. సరే, మరి జలుబున్నవాళ్లు ఏం చెయ్యాలి? ఆ కాగితం ఎవరి చేతిలోనూ పెట్టరు.

అవయవ మార్పిడి జరిగిన మనిషి ఇన్‌ఫ్లుయెంజా (ఫ్లూ), కోవిడ్ లాంటి వైరస్‌ల నుంచి తనను తాను కాపాడుకోగలిగింది కొంతవరకే. మిగిలిన పని ఇంట్లోవాళ్లది, పక్కసీటులో కూర్చునేవాళ్లది, ఆస్పత్రిది, ప్రభుత్వానిది. జాలిపడమని అడగటం లేదు. ఆ ఒంట్లో మందులు చేసే పనేంటో తెలిస్తే ఈ లెక్క దానంతటదే తేలుతుంది.

1954 డిసెంబర్ 23న బోస్టన్‌లో జోసెఫ్ మర్రే అనే సర్జన్, రోనాల్డ్ హెరిక్ అనే యువకుడి కిడ్నీని అతని తోడబుట్టిన రిచర్డ్‌కి పెట్టాడు. ప్రపంచంలో బాగా నిలబడిన మొదటి కిడ్నీ మార్పిడి అదే. నిలబడటానికి కారణం ఆ అన్నదమ్ములిద్దరూ ఒకే అండం నుంచి పుట్టిన కవలలు కావటం. రిచర్డ్ ఒంటికి ఆ కిడ్నీ పరాయిదని తెలియనే లేదు. కానీ అందరికీ కవలలు ఉండరుగా. అమ్మ ఇచ్చినా, భార్య ఇచ్చినా, బ్రెయిన్ డెడ్ అయిన ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి కుటుంబం ఇచ్చినా, మన రోగనిరోధక వ్యవస్థ దాన్ని చొరబాటుదారుగానే చూస్తుంది, దాడి చేస్తుంది. దాన్నే డాక్టర్లు రిజెక్షన్ అంటారు. ఆ దాడిని ఆపే మందుల కోసం మరో ముప్పయ్యేళ్లు వెతికారు. 1960లలో అజాథయోప్రిన్, స్టెరాయిడ్లు వచ్చాయి. వెల్లూరు సీఎంసీలో 1971లో మన దేశపు మొదటి విజయవంతమైన కిడ్నీ మార్పిడి జరిగింది ఆ మందుల కాలంలోనే. తర్వాత నార్వే మట్టిలో దొరికిన ఒక బూజు నుంచి సైక్లోస్పోరిన్ వచ్చింది. అమెరికాలో 1983లో దానికి అనుమతి దొరికాక మార్పిడి ఆపరేషన్ల రాతే మారిపోయింది. 1984లో జపాన్‌లోని త్సుకుబా దగ్గర మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి నుంచి టాక్రోలిమస్ తీశారు. ఇవాళ మా తమ్ముడు ఉదయం, రాత్రి అలారం పెట్టుకుని మింగేది అదే. దానికి తోడు మైకోఫెనొలేట్, కొద్దిగా స్టెరాయిడ్. కిడ్నీ పెట్టించుకున్నవాళ్లలో ఎక్కువమందికి ఈ మూడే.

ఈ మందులు ముఖ్యంగా టీ కణాలనే తెల్లరక్తకణాల నోరు నొక్కుతాయి. కొత్త కిడ్నీ మీద దాడికి దిగేవి అవే. వైరస్ సోకిన కణాలను వెతికి చంపేవి కూడా అవే. చుట్టాలొచ్చారని కుక్కని కట్టేస్తే దొంగొచ్చినప్పుడూ అది కట్టేసే ఉంటుంది కదా, అదీ పరిస్థితి. ఎంతకాలం? ఆ కిడ్నీ పనిచేసినంతకాలం. మొదటి కొన్ని నెలల్లో, మధ్యలో ఎప్పుడైనా రిజెక్షన్ వచ్చి గట్టి మందులు ఎక్కించినప్పుడు, ప్రమాదం మరీ ఎక్కువ. తర్వాత డోసులు తగ్గుతాయి గానీ మందులు మాత్రం పూర్తిగా ఆగవు.

మనకు మూడు రోజుల ముక్కు కారటంతో పోయే వైరస్ వాళ్లలో వారాలు, ఒక్కోసారి నెలలు కూడా ఉండిపోతుంది. రైనో వైరస్, ఆర్‌ఎస్‌వీ, పారాఇన్‌ఫ్లుయెంజా, అడినో వైరస్, మెటాన్యుమో వైరస్ అని చాలా పేర్లున్నాయి. మామూలుగా ఇవన్నీ మన నోట్లో ‘పడిశం’ అన్న ఒక్క మాట కిందికి వచ్చేస్తాయి. మార్పిడి జరిగినవాళ్లలో ఇవి గొంతు దగ్గర ఆగకుండా ఊపిరితిత్తుల్లోకి దిగే అవకాశం ఎక్కువ. దిగాక అంతటితో ఆగకపోవచ్చు, వెనకే బాక్టీరియా న్యుమోనియా రావచ్చు, కొందరికి ఆస్పర్‌జిల్లస్ లాంటి ఫంగస్ పడుతుంది. ఊపిరితిత్తులే మార్పించుకున్నవాళ్ల సంగతి ఇంకా కష్టం. వాళ్లకు కొత్తగా వచ్చిన అవయవమే ప్రతి శ్వాసకీ బయటి గాలికి ఎదురు నిలబడాలి. వైరస్ తగ్గిపోయాక కూడా ఆ ఊపిరితిత్తులు మెల్లగా బిగుసుకుపోయే దీర్ఘకాల రిజెక్షన్ ముప్పు పెరుగుతుంది.

అన్నిటికన్నా మోసం చేసేది జ్వరం. ఒళ్లు కాలటం కూడా రోగనిరోధక వ్యవస్థ చేసే పనే. దాన్ని అణిచిపెట్టాక జ్వరం రాకపోవచ్చు. ‘జ్వరం వస్తే రండి’ అని కాగితంలో ఉంటుంది, జ్వరమేమో రాదు. పోయిన వానాకాలం మా బాబాయి మనవడు ముక్కు కారుతూ మా ఇంట్లో ఆడుకుని వెళ్లాడు. తర్వాత కొద్దిరోజులకు తమ్ముడికి పొడిదగ్గు మొదలైంది. థర్మామీటరు మామూలుగానే చూపిస్తోంది. మెట్లెక్కితే మాత్రం ఆయాసం. ఫోన్ చేస్తే నెఫ్రాలజిస్టు, అంటే కిడ్నీ డాక్టరు, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా రమ్మన్నారు. ముక్కులోంచి స్వాబ్ తీశారు, ఇన్‌ఫ్లుయెంజా ఎ అని తేలింది. రిపోర్టు రాకముందే ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందు మొదలుపెట్టారు. ఈ మందు లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు పడితే బాగా పనిచేస్తుంది. ఇలాంటివాళ్లకైతే ఆలస్యమైనా ఇస్తారు. కిడ్నీ పనితీరును బట్టి డోసు మార్చాలి కాబట్టి సొంతంగా కొనుక్కుని వేసుకోవటం కుదరదు.

ఆ తర్వాత అసలు టెన్షన్ మొదలైంది. వైరస్‌తో పోరాడాలంటే ఇమ్యూనిటీని అణిచే మందులు కాస్త తగ్గించాలి. తగ్గిస్తే కిడ్నీ మీద దాడి మొదలవ్వొచ్చు. మైకోఫెనొలేట్ కొన్నాళ్లు సగం చేశారు. కిడ్నీ ఎలా పనిచేస్తోందో రక్తపరీక్షలో చెప్పే క్రియాటినిన్ పైకి పోయింది, ఆపై మెల్లగా దిగొచ్చింది. ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. అమ్మ ఇచ్చిన కిడ్నీ అది. బాబాయి మనవడి తప్పేమీ లేదు, వాడికి నాలుగేళ్లు. వాణ్ని తీసుకొచ్చిన పెద్దవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. నేను గొడవ పెట్టుకుంటున్నది ఆ చెప్పకపోవటంతోనే.

మన ఊళ్లలో దగ్గొస్తే ఏం చేస్తాం? మెడికల్ షాపుకి వెళ్లి చెప్తాం. ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లి సూది వేయించుకుంటాం. ఇందులో మార్పిడి జరిగినవాళ్ల ప్రాణం మీదికి తెచ్చేవి చాలా ఉన్నాయి. గొంతునొప్పికి షాపుల్లో ఇచ్చే క్లారిథ్రోమైసిన్ అనే యాంటీబయాటిక్, కాలేయంలో టాక్రోలిమస్‌ని విరగ్గొట్టే ఎంజైమును ఆపేస్తుంది. దాంతో రక్తంలో టాక్రో లెవెల్ అమాంతం పెరిగి చేతులు వణుకుతాయి, కిడ్నీ దెబ్బతింటుంది. ఫంగస్‌కి వాడే ఫ్లూకొనజోల్ కూడా అంతే. టీబీకి వాడే రిఫాంపిసిన్ దీనికి పూర్తిగా తలకిందులు, లెవెల్ పడిపోయేలా చేసి రిజెక్షన్ తెస్తుంది. ఒళ్లు నొప్పులకు ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ నేరుగా కిడ్నీకి పడవు. కోవిడ్‌కి వాడిన నిర్మాట్రెల్విర్ మాత్రలో తోడుగా ఉండే రిటోనావిర్ అయితే టాక్రో లెవెల్‌ని ఎన్నో రెట్లు పెంచేస్తుంది. దాని జెనరిక్ తయారుచేసి 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం తెచ్చుకున్నది మన హైదరాబాద్ కంపెనీ హెటెరోనే. మందు మంచిదే, తమ్ముడి లాంటివాళ్లకు మాత్రం టాక్రోలిమస్ ఆపి, రక్తపరీక్షలు చేస్తూ, డాక్టర్ కనిపెట్టుకుని ఉంటేనే ఇవ్వగలరు. పంపర పనసకాయ కూడా వద్దంటారు తెలుసా? అందులో ఉండే పదార్థాలు అదే ఎంజైమును అడ్డుకుంటాయి. మా పెరట్లో చెట్టు ఉంది, ఇప్పుడు కాయలన్నీ పక్కింటివాళ్లకే.

ఇక కషాయాలు. కరోనా రోజుల నుంచి ‘ఇమ్యూనిటీ పెంచుకో’ అనేది ప్రతి ఇంట్లో మంత్రమైపోయింది. తిప్పతీగ రసం తాగమని తమ్ముడికి ప్రేమతో సీసాలు పంపినవాళ్లున్నారు. వాడు రోజుకి రెండుపూటలా మింగేది ఇమ్యూనిటీని తగ్గించే మందులు. దాన్ని పెంచే మందు నిజంగా పనిచేస్తే వాడి కిడ్నీకే ముప్పు, పనిచెయ్యకపోతే తాగటం దండగ. పైగా తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో ముంబై డాక్టర్లు ప్రచురించారు. ఆయుష్ శాఖ ఆ మాటను ఒప్పుకోలేదనుకోండి. ఎవరిది నిజమో తేలేదాకా ఒక్క కిడ్నీతో బతికే మనిషి మీద ప్రయోగం చెయ్యక్కర్లేదని నా అభిప్రాయం. ఎవరైనా అడిగితే తమ్ముడు, “మా డాక్టరుగారిని అడిగి తాగుతానండీ” అంటాడు. అంటే తాగడని అర్థం.

‘టీకా ఉందిగా, వేయించుకుంటే సరిపోదా?’ అని చాలామంది అడుగుతారు. వేయించుకోవాలి, తప్పకుండా. ముక్కులో కొట్టే ఫ్లూ టీకా మాత్రం వద్దు, అందులో బలహీనపరిచిన బతికున్న వైరస్ ఉంటుంది. ఇంజెక్షన్‌గా ఇచ్చేది చంపిన వైరస్‌తో చేసింది, అది వేసుకోవచ్చు. కానీ టీకా పనిచెయ్యాలన్నా ఆ అణిచిపెట్టిన కణాలే కదా మేలుకోవాలి. కోవిడ్ టీకాల సమయంలో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు అవయవ మార్పిడి జరిగినవాళ్లను పరీక్షించారు. మొదటి డోసు తర్వాత వాళ్లలో 17 శాతం మందికే యాంటీబాడీలు వచ్చాయి. రెండో డోసు తర్వాత 54 శాతం. మామూలు మనుషుల్లో అదే టీకాకి దాదాపు అందరికీ వచ్చాయి. మైకోఫెనొలేట్ లాంటి మందులు వాడేవాళ్లలో స్పందన ఇంకా తక్కువ. అంటే బాధ్యతగా రెండు డోసులూ వేయించుకుని, సర్టిఫికెట్ ఫోన్లో పెట్టుకుని తిరిగిన మార్పిడి రోగుల్లో సగానికి దగ్గరగా రక్షణ లేనివాళ్లే. టీకాలు రాకముందు, 2020లో, అమెరికాలో చేసిన ఒక అధ్యయనంలో కోవిడ్‌తో ఆస్పత్రిలో చేరిన మార్పిడి రోగుల్లో దాదాపు ఐదోవంతు నెలలోపే చనిపోయారు.

ఇదంతా 2021 మధ్యకల్లా అందరికీ తెలిసిన సంగతి. ఫ్రాన్స్ ఏప్రిల్‌లోనే వీళ్లకు మూడో డోసు ఇవ్వమంది. అమెరికా ఆగస్టులో అనుమతించింది. మన దగ్గర ఏం జరిగింది? 2021 మార్చి 1న 45 నుంచి 59 ఏళ్ల వారికి టీకాలు మొదలుపెట్టినప్పుడు ప్రభుత్వం 20 జబ్బుల జాబితా ఇచ్చింది. ఆ జాబితాలో కిడ్నీ, కాలేయ మార్పిడి జరిగినవాళ్లు, దానికోసం ఎదురుచూస్తున్నవాళ్లు స్పష్టంగా ఉన్నారు. చూసి సంతోషించాం. అదే ప్రభుత్వం 2022 జనవరి 10న ‘ప్రికాషన్ డోసు’ పేరుతో మూడో డోసు మొదలుపెట్టింది. అది ఎవరికి? ఆరోగ్య సిబ్బందికి, ఫ్రంట్‌లైన్ సిబ్బందికి, జబ్బులున్న 60 ఏళ్లు దాటినవాళ్లకి. నలభై ఏళ్ల వయసులో కిడ్నీ మార్పిడి చేయించుకుని ఇమ్యూనిటీ మందులు వాడుతున్న మనిషికి చోటు లేదు. ఒమిక్రాన్ మన ఊళ్లను చుట్టేసిన నెల అది. 2022 ఏప్రిల్ 10న 18 దాటిన అందరికీ ప్రైవేటులో డబ్బు కట్టి వేయించుకునే వీలు వచ్చాకే వాళ్ల వంతు వచ్చింది, అది కూడా అందరితోపాటే. ఉచితంగా అంటే జులై 15 దాకా ఆగాలి.

దీన్ని పొరపాటు అని నేను అనుకోను. ఏడాది ముందు సొంత జాబితాలో రాసుకున్న వర్గాన్ని ఇంకో జాబితాలో వదిలేశారంటే, వాళ్ల గురించి పట్టుకుని అడిగే గొంతు అక్కడ లేదన్నమాట. 2023లో దేశంలో 18 వేలకు పైగా అవయవ మార్పిడులు జరిగాయి. ఏడాదికేడాది పెరుగుతూనే ఉన్నాయి. ఇంత పెద్ద దేశంలో ఇది చిన్న సంఖ్యే, ఓట్ల లెక్కలో కనపడదు. కానీ వీళ్లలో ప్రతి ఒక్కరి వెనకా ఒక దాత ఉన్నారు. బతికుండగా ఇచ్చే దాతల్లో ఎక్కువమంది తల్లులూ భార్యలే. అంత ఖరీదైన కానుకని రెండు జాబితాల మధ్య సందులో జారవిడుస్తామా?

ఫ్లూ సంగతి ఇంకా విచిత్రం. మన దేశంలో 2009 స్వైన్ ఫ్లూ మొదటి కేసు బయటపడింది హైదరాబాద్‌లోనే, ఆ ఏడాది మే నెలలో, అమెరికా నుంచి వచ్చిన ప్రయాణికుడిలో. 2015 మొదట్లో తెలంగాణను మళ్లీ గట్టిగా కుదిపింది. అయినా పెద్దవాళ్లకు ఫ్లూ టీకా అంటే మనకు ఇప్పటికీ కొత్త మాటే. వైరస్ ఏటా మారుతుంది కాబట్టి టీకా కూడా ఏటా వేయించుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు కొత్త రకాలను ఎంపిక చేస్తుంది. మన వైపు వానాకాలంలో ఒకసారి, చలికాలం చివర ఇంకోసారి ఫ్లూ పెరుగుతుంది. అందుకే వానలకు ముందు, ఏప్రిల్, మే నెలల్లో వేయించుకోవటం మంచిదంటారు. ‘వీళ్లలో ఎలాగూ సరిగ్గా పనిచెయ్యదన్నావుగా?’ అని మీరు అడగొచ్చు. సోకకుండా ఆపటంలో బలహీనమే. కానీ అమెరికా, కెనడా, స్పెయిన్‌లలో ఐదేళ్లపాటు 600 మందికి పైగా ఫ్లూ సోకిన మార్పిడి రోగులను గమనించిన అధ్యయనం ఒకటుంది. ఆ సీజన్లో టీకా వేయించుకున్నవాళ్లలో న్యుమోనియా, ఐసీయూ దాకా వెళ్లటం తక్కువని తేలింది. యాంటీవైరల్ త్వరగా మొదలుపెట్టినవాళ్లూ ఐసీయూకి తక్కువగా వెళ్లారు. కాబట్టి టీకా వాళ్లకూ కావాలి. వాళ్ల పక్కన ఉండే మనకు ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే మన ఒంట్లో అది బాగా పనిచేస్తుంది.

ఇక్కడే మన పథకాల తీరు నాకు మింగుడుపడదు. బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల అవయవాలను అవసరమైనవాళ్లకు చేర్చే ప్రభుత్వ కార్యక్రమం జీవన్‌దాన్ ద్వారా అవయవం దొరుకుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పేదవాళ్లకు ఆపరేషన్ ఖర్చు ప్రభుత్వ పథకం కింద వస్తుంది, తర్వాతి మందులకూ సాయం ఉంది. ఇది చిన్న సంగతేమీ కాదు. ముప్పయ్యేళ్ల కిందట ఇలాంటి మందులు కొనలేక కిడ్నీ పోగొట్టుకున్నవాళ్ల కథలు మా పెద్దవాళ్లు చెప్తుంటారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో పోయినవాళ్ల ఇళ్లు చూసినవాళ్లకు ఈ పథకాల విలువ బాగా తెలుసు. లక్షలు ఖర్చుపెట్టి కిడ్నీ పెట్టించి, నెలనెలా వేల రూపాయల మందులిచ్చి, ఏడాదికొకసారి రెండు వేల రూపాయల లోపు ఉండే ఫ్లూ సూది దగ్గర మాత్రం ‘మీరే చూసుకోండి’ అంటే ఎలా? ఇంట్లో నలుగురుంటే ఎనిమిది వేల దాకా. కూలిపని చేసుకునే ఇంట్లో ఎవరు పెడతారు? పథకంలో రోగికే కాకుండా ఆ ఇంట్లో ఉండే అందరికీ ఈ టీకా చేరిస్తే అయ్యే ఖర్చు, ఐసీయూలో ఒక్క న్యుమోనియా కేసుకి అయ్యేదాంతో పోలిస్తే ఏ మూలకీ రాదు.

ఆస్పత్రులకు కూడా ఒక మాట చెప్పాలి. ట్రాన్స్‌ప్లాంట్ ఓపీకి వెళ్లినప్పుడు చూశాను. కిడ్నీ పెట్టించుకున్నవాళ్లు, డయాలసిస్‌కి వచ్చినవాళ్లు, వైరల్ జ్వరంతో వచ్చినవాళ్లు అందరూ ఒకే ఏసీ హాల్లో, కిటికీలన్నీ మూసి, గంటలకొద్దీ. టోకెన్ పిలిచే అమ్మాయి దగ్గుతూనే పేర్లు చదువుతోంది. సెలవు పెడితే జీతం పోతుందేమో, పాపం. ‘జనం ఉన్నచోటికి వెళ్లకండి’ అని రాసిచ్చిన ఆస్పత్రే మా తమ్ముణ్ని నెలకోసారి అంత జనంలో కూర్చోబెడుతోంది! విడిగా ఒక గది, తెరిచి ఉండే కిటికీలు, దగ్గున్న సిబ్బందికి జీతంతో సెలవు, సిబ్బందందరికీ ఏటా ఫ్లూ టీకా. ఇందులో పెద్ద సైన్సేమీ లేదు. రొటీన్ రివ్యూలను ఫోన్లో చూసి, రక్తపరీక్ష మాత్రం దగ్గర్లోని ల్యాబులో చేయించే పద్ధతి కరోనా టైంలో చక్కగా నడిచింది. తర్వాత ఎందుకు ఆపేశారో నాకర్థం కాలేదు.

ఇంతా చదివి, ‘అయితే లోకమంతా మీ తమ్ముడి కోసం మాస్కులు కట్టుకుని తిరగాలా’ అంటారేమో. నేను అలా అడగటం లేదు. తమ్ముడు కూడా అడగడు. వాడికి ఉద్యోగముంది, స్నేహితులున్నారు, క్రికెట్ పిచ్చి ఉంది. కిడ్నీ పెట్టించుకున్నది వారానికి మూడుసార్లు డయాలసిస్ మిషన్‌కి అతుక్కుపోయే బతుకు నుంచి బయటపడటానికి, ఇంకో గదిలో బందీ అవటానికి కాదు. మొన్న మా పిన్ని కూతురి పెళ్లికి మాస్కుతో వచ్చాడు. భోజనాల దగ్గర పెద్దమామయ్య, “ఏరా, ఇంకా ఆ గుడ్డేంటి మూతికి? కరోనా పోయి ఎన్నాళ్లయింది!” అని నలుగురిలో నవ్వించాడు. వాడూ నవ్వేశాడు, మాస్కు మాత్రం తియ్యలేదు. ఆ మామయ్యే అదేరోజు పొద్దున్నుంచి చీదుతూ, ముక్కు తుడుచుకుంటూ, అదే చేత్తో అందరికీ లడ్డూలు పంచాడు. మంచివాడే, ఆపరేషన్‌కి డబ్బు సర్దినవాళ్లలో ఆయనా ఉన్నాడు. ఎవరికి దగ్గరగా రాకూడదో, ఎప్పుడు రాకూడదో ఆయనకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదంతే. కావాల్సినవాళ్లు జబ్బుపడితే చూడటానికి వెళ్లటం మన దగ్గర మర్యాద. మనం జబ్బుపడ్డప్పుడు వెళ్లకుండా ఉండటం కూడా మర్యాదేనని మనకింకా అలవాటు కాలేదు.

ఆఫీసుల దగ్గరికొస్తే ఈ వాదన కాస్త మెత్తబడుతుంది, ఒప్పుకుంటాను. రోజుకూలీకి, ఆటో నడిపేవాడికి, షాపులో పనిచేసే అమ్మాయికి ‘జలుబు చేస్తే ఇంట్లో ఉండు’ అని చెప్పటం సులువు. ఆ రోజు కూలి ఎవరిస్తారు? వాళ్లను నిలదీసే హక్కు నాకు లేదు. కానీ నెలజీతం, సిక్ లీవు, ఇంటి నుంచి పనిచేసే వీలు ఉన్న మనలాంటివాళ్లు కూడా దగ్గుతూ ఆఫీసుకి వెళ్లి ‘డెడికేషన్’ అనిపించుకుంటాం చూడండి, దానికి మాత్రం సాకు లేదు. మన టీములో ఎవరు స్టెరాయిడ్లు వాడుతున్నారో, ఎవరు కీమోథెరపీలో ఉన్నారో, ఎవరి ఇంట్లో కిడ్నీ పెట్టించుకున్న మనిషి ఉన్నారో మనకు తెలియదు. చెప్పుకోవటానికి చాలామంది ఇష్టపడరు. ఉద్యోగం పోతుందని భయం, పెళ్లి సంబంధాలు పోతాయని భయం.

ఇందులో మన స్వార్థం కూడా ఉంది. ఇమ్యూనిటీ అణిగిన ఒంట్లో వైరస్ నెలల తరబడి ఉంటే మారటానికి దానికి బోలెడంత సమయం దొరుకుతుంది. కరోనాలో వచ్చిన కొన్ని వేరియంట్లు అలాంటి దీర్ఘకాల ఇన్‌ఫెక్షన్లలోనే తయారై ఉండొచ్చని శాస్త్రవేత్తలు గట్టిగా అనుమానిస్తున్నారు. మనం వాళ్లకు అంటించేది తిరిగి మన దగ్గరికే కొత్త రూపంలో రావచ్చు.

2025 జనవరిలో హెచ్‌ఎంపీవీ (ఇందాక చెప్పిన మెటాన్యుమో వైరసే) పేరుతో టీవీ ఛానెళ్లు చేసిన గోల గుర్తుందా? చైనాలో కొత్త వైరస్ అంటూ బ్రేకింగులు, బెంగళూరులో ఇద్దరు పసిపిల్లలకు వచ్చిందని ఎర్రటి అక్షరాలు. అది 2001లోనే నెదర్లాండ్స్‌లో గుర్తించిన వైరస్. మనలో దాదాపు అందరికీ చిన్నప్పుడే ఒకసారి వచ్చిపోయి ఉంటుంది. ఆ వారం మా తమ్ముడికి వచ్చినన్ని ఫోన్లు ఆపరేషన్ అప్పుడు కూడా రాలేదు. “బయటికి వెళ్లకు నాన్నా, మాస్కు పెట్టుకో” అని అందరూ. టీవీ మాట మార్చగానే ఫోన్లూ ఆగిపోయాయి. వైరస్ అక్కడే ఉంది, అంతకుముందూ ఉంది. ఆ వారం ఫోన్ చేసినవాళ్లలో ‘మేం ఫ్లూ టీకా వేయించుకోవాలా’ అని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

మా ఇంట్లో ఇప్పుడు ఏటా మే నెలలో అందరం కలిసి వెళ్లి ఫ్లూ సూది వేయించుకుంటున్నాం. అమ్మ, నేను, మా ఆయన, పిల్లలు, తమ్ముడి భార్య, చివరికి వంటకొచ్చే అక్క కూడా. ఎవరికైనా గొంతు గరగరలాడితే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ముందే పెట్టేస్తారు, రావటం వాయిదా వేసుకుంటారు. పెద్దమామయ్య మొదట్లో నొచ్చుకున్నాడు గానీ ఇప్పుడు ఆయనే అందరికన్నా ముందు మెసేజ్ పెడుతున్నాడు. డబ్బు మేమే పెట్టుకుంటున్నాం, పెట్టుకోగలం కాబట్టి. తమ్ముడితోపాటే ఓపీకి వచ్చే ఒకాయన పలాస దగ్గర కొబ్బరితోటలో కూలిపని చేసేవాడు. ఆయనకు ఆపరేషన్ ఉచితంగా అయింది, మందులు ఉచితంగా వస్తున్నాయి. ఫ్లూ టీకా గురించి చెప్తే, “అది కార్డు మీద రాదటండీ” అన్నాడు. ఆయన ఇంట్లో ఐదుగురు.